ఈరోజు రేటెంత

పొద్దున ఆరు కాకముందే
చౌడప్ప అడిగే ప్రశ్న ఒక్కటే:
"సిస్టరమ్మా, ఈరోజు రేటెంత?"
చింతామణి మండీలో టమాటా పెట్టెకి కాదు,
ఒంట్లో తెల్లకణాలకి.
నిన్న రెండొందల పది. ఇవాళ నూట ఎనభై.
"పడిపోయినాదే" అంటాడు,
ఇరవై ఏళ్ళు వేలంపాట విన్న చెవితో.

కిటికీ కింద హోసూరు రోడ్డు మీద
బెంగళూరు అప్పుడే హారన్ కొట్టడం మొదలుపెట్టింది.
మోచేతుల దాకా చేతులు కడుక్కుని
ఫారం పట్టుకుని లోపలికెళ్తాను.
చర్మం చెక్కుచెదరకుండా ఉందా? అవును, లేదు.
అతని మడమలు చూస్తాను.
బోరునీళ్ళకీ ఎర్రమట్టికీ
ఎప్పుడో నెర్రెలిచ్చిన కాళ్ళు.
ఈ కాళ్ళకి అవునని టిక్కు పెట్టే నర్సు
ఇంకా పుట్టలేదు.

టార్చి వేసి నోరు తెరవమంటాను.
నాలుక అంచున తెల్లటి పొర, నిన్న లేనిది.
చంకలు, గజ్జలు, గోళ్ళ మూలలు,
మోచేతి పైన లైను దిగిన చోటు.
గొంతు తగ్గించి అడగాల్సిన ప్రశ్న ఒకటుంటుంది,
దొడ్డికి పోయినప్పుడు మంటా అని.
గోడకేసి చూస్తూ తల అడ్డంగా ఊపుతాడు.

పని నేర్చుకునే రోజుల్లో లిల్లికుట్టి సిస్టర్ చెప్పింది,
మలయాళం వాసనేసే కన్నడంలో:
ఎరుపు కోసం చూడకు. వాపు కోసం చూడకు.
చీము పట్టాలన్నా ఒంట్లో బలగం ఉండాలి.
ఈ ఇళ్ళలో దొంగ పడినా కుక్క మొరగదు.
జ్వరం ఒక్కటే మాట్లాడుతుంది,
అదీ ఒక్కసారే.

థర్మామీటరు తొంభై ఎనిమిది పాయింట్ నాలుగు.
బాగుంది, రాసేశాను.
రాసి, దిండు సర్దబోయి ఆగాను.
పిండితే కారేంత ఏం కాదు.
దుప్పటి మెడదాకా కప్పుకున్న మనిషి తల కింద
అరచేయంత తడి.

నాడి నూట పద్దెనిమిది.
ఊపిరి లెక్కపెట్టాను, గడియారం చూస్తూ,
నిమిషమంతా. ఇరవై ఆరు.
"రాత్రి చలేసిందా?"
చౌడప్ప కళ్ళు మూసుకున్నాడు.
మూలన స్టూలు మీద రామక్క
కొంగు ముడి మీద చెయ్యి వేసుకుంది.

ఆ ముడిలో డబ్బులుంటాయనే ఇన్నాళ్ళూ అనుకున్నాను.
సగం ఖాళీ అయిన జ్వరం మాత్రల పట్టీ.
"మూడు గంటలప్పుడు గడగడా వణికినాడు.
జొరముంటే ఇంటికి పంపరంట కదమ్మా.
పెట్టె తొమ్మిదొందలు పలకతా ఉండాది.
కోతకొచ్చిన తోట. కూలోళ్ళు నా మాట యాడ వింటారు?
నాలుగు దినాలు. నాలుగే."

తిట్టాలి. తిట్టు నోటిదాకా వచ్చింది.
ఉన్న ఒక్క సాక్షి నోటినీ
గ్లాసెడు నీళ్ళతో మూయించింది కదా.
కానీ పోయినేడు వానాకాలం
నేనూ ఒక గొంతునొప్పిని మాస్కు వెనక దాచుకుని
ఇదే వార్డులోకి వచ్చాను,
జీతంలో కోత పడుతుందని.
ఎవరికీ ఏమీ కాలేదు.
కాలేదనే అనుకుంటున్నాను.

డాక్టరుకి ఫోను చేశాను.
లైనులోంచి రెండు సీసాల రక్తం,
రెండో చేతి నరంలోంచి మరో రెండు.
గంటలోపు మందు మొదటి చుక్క దిగాలి.
నలభై నిమిషాలకే దిగింది.

తొంభై ఎనిమిది పాయింట్ నాలుగుని కొట్టేయలేదు.
అది అబద్ధమేమీ కాదు.
పక్కన రాశాను: మాత్ర వేసుకున్న తర్వాత. దిండు తడి.
దిండుకి మా ఫారంలో గడి లేదు,
అంచు ఖాళీలో ఇరికించాను.

రామక్క వరండాలో ఫోనులో చెప్తోంది,
కోసేయండి, ఎంతకి పోతే అంతకి.
సింకు దగ్గర మళ్ళీ మోచేతుల దాకా కడుక్కుంటున్నాను.
వెనక నుంచి చౌడప్ప, కళ్ళు తెరవకుండానే:
"రేపటి రేటు కూడా నువ్వే చెప్పల్ల."
చెప్తానన్నాను.
నీళ్ళ చప్పుడులో వినపడిందో లేదో.